బాల్య గాయాల స్వస్థత: క్రైస్తవ విశ్వాసం, ఆదరణ

చిన్నతనంలో ఎదురైన హింస, లైంగిక వేధింపు, నిర్లక్ష్యం, అయినవారిని కోల్పోవడం వంటి అనుభవాల నుంచి కోలుకోవడానికి క్రైస్తవ విశ్వాసాన్ని, సంఘ సహవాసాన్ని, శిక్షణ పొందినవారి ఆదరణను ఆధారం చేసుకునే పద్ధతులు ఈ వ్యాసంలోని విషయం. ప్రార్థన, బైబిలు ధ్యానం, కాపరుల పరామర్శ, క్రైస్తవ కౌన్సెలింగ్, చిన్న బృందాల్లో బాధను చెప్పుకోవడం, అనాథ బాలల సంరక్షణ ఇందులో ముఖ్యమైన రూపాలు. ఇవి మానసిక వైద్యానికి తోడుగా పనిచేస్తాయి. వైద్యానికి బదులుగా వాడినా, బాధితుల నోరు నొక్కడానికి వాడినా ఇవే హాని చేస్తాయి. ఈ రెండు కోణాలకూ చరిత్రలో, పరిశోధనల్లో ఆధారాలు ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

బిడ్డ తట్టుకోగల శక్తిని మించిన భయం, నొప్పి, అవమానం లేదా నష్టం మనసు మీద, శరీరం మీద వదిలే దీర్ఘకాల ప్రభావాన్ని బాల్య మానసిక గాయం లేదా ట్రామా అంటారు. ఇది ప్రధానంగా రెండు విధాలు. రోడ్డు ప్రమాదం, వరద, తల్లి లేదా తండ్రి ఆకస్మిక మరణం వంటి ఒక్క సంఘటనతో కలిగేది మొదటిది. ఇంట్లో దెబ్బలు, లైంగిక దాడి, తిట్లు, తాగుడు వల్ల రోజూ జరిగే గొడవల వంటివి ఏళ్ల తరబడి సాగగా ఏర్పడేది రెండోది. రెండో రకంలో హాని చేసే మనిషి, బిడ్డ అన్నం కోసం, నీడ కోసం నమ్ముకున్న మనిషి చాలాసార్లు ఒకరే అవుతారు. అందుకే దాని ప్రభావం లోతుగా ఉంటుంది. ఆకలి, జబ్బు, ఏడుపు ఎవరూ పట్టించుకోకపోవడం కూడా ఈ పరిధిలోకే వస్తుంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో పీటీఎస్‌డీని, అంటే గాయం తర్వాత వెంటాడే ఒత్తిడిని, రుగ్మతల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 సంక్లిష్ట పీటీఎస్‌డీని వేరుగా గుర్తించింది. పీటీఎస్‌డీ లక్షణాలతో పాటు భావోద్వేగాలు అదుపు తప్పడం, తాను పనికిరాననే భావన, బంధాలు నిలుపుకోలేకపోవడం దీని గుర్తులు. బాల్యంలో పదే పదే హింసకు గురైనవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది.

స్వస్థత అంటే జరిగినది మరిచిపోవడం కాదు. జ్ఞాపకం వచ్చినా కుప్పకూలిపోకుండా నిలబడగలగడం, నిద్ర, పని, బంధాలు తిరిగి దారిన పడటం, తప్పు తనది కాదని మనసా నమ్మగలగడం దాని కొలమానాలు.

బైబిలు, వేదాంత పునాదులు

ఈ పద్ధతులు ఎక్కువగా కొన్ని బైబిలు భాగాల మీద ఆధారపడతాయి. ఆదికాండములో యోసేపును సొంత అన్నలే గుంటలో పడవేసి, బానిసగా అమ్మేశారు. అతను వారిని వెంటనే అక్కున చేర్చుకోలేదు. వారు మారారో లేదో పరీక్షించి, చాలాసార్లు ఏడ్చిన తర్వాతే తానెవరో చెప్పాడు. రెండవ సమూయేలు గ్రంథంలో తామారు సవతి అన్న చేతిలో అత్యాచారానికి గురవుతుంది. తోడబుట్టిన అబ్షాలోము ఆమెను ఊరకుండమంటాడు. తండ్రి దావీదు కోపగించుకున్నా న్యాయం చేయడు. కుటుంబంలోని మౌనం ఎంత హాని చేస్తుందో చెప్పడానికి క్రైస్తవ కౌన్సెలర్లు ఈ అధ్యాయాన్ని వాడుతారు. అదే గ్రంథంలోని మెఫీబోషెతు అయిదేళ్ల వయసులో దాది చేతుల్లోంచి పడి కుంటివాడయ్యాడు. దావీదు అతణ్ని లోదెబారు నుంచి పిలిపించి, తాతగారి భూములు తిరిగి ఇచ్చి, తన బల్ల దగ్గర చోటు ఇచ్చాడు. ఆదరణలో ఆశ్రయం, ఆస్తి, గౌరవం మూడూ ఉండాలని ఈ కథను వివరిస్తారు.

కీర్తనల గ్రంథంలో మొరపెట్టే కీర్తనలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 88వ కీర్తన ఓదార్పు మాట లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. దేవుని ముందు బాధను, కోపాన్ని దాచుకోనక్కరలేదని చెప్పడానికి ఇది ఆధారం. పిల్లలను ఆటంకపరచవద్దన్న మార్కు 10వ అధ్యాయం, చిన్నవారిని అభ్యంతరపరిచేవారిని తీవ్రంగా హెచ్చరించే మత్తయి 18వ అధ్యాయం బాలల రక్షణకు పునాదిగా నిలిచాయి. నలిగిన హృదయం గలవారిని బాగుచేయడం గురించిన యెషయా 61వ అధ్యాయం, పొందిన ఆదరణను ఇతరులకు పంచడం గురించిన 2 కొరింథీ 1వ అధ్యాయం సహాయకుల శిక్షణలో తరచుగా వినిపిస్తాయి. క్రీస్తు స్వయంగా హింసను, అవమానాన్ని, వదిలివేయబడటాన్ని అనుభవించాడన్న నమ్మకం వేదాంతపరంగా వీటన్నిటికీ కేంద్రం. సెరీన్ జోన్స్ 2009లో, షెల్లీ రాంబో 2010లో వెలువరించిన గ్రంథాలు ఈ ఆలోచనను వేదాంత అధ్యయనంగా పెంపొందించాయి.

చరిత్ర

*ఆశ్రమాల కాలం.* దిక్కులేని పిల్లలను చేరదీయడం తొలి శతాబ్దాల నుంచీ సంఘం పనుల్లో ఒకటి. బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ 1836లో ప్రారంభించిన అనాథ గృహాలు ఆధునిక కాలంలో పేరుపొందిన నమూనా.

భారతదేశంలో పండిత రమాబాయి (1858–1922) జీవితం ఈ విషయానికి ముఖ్యమైన ఉదాహరణ. 1870ల కరువులో ఆమె తల్లిదండ్రులనూ అక్కనూ పోగొట్టుకుని, అన్న శ్రీనివాస్‌తో కలిసి కాలినడకన దేశం తిరిగారు. 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మం తీసుకున్నారు. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. ఆకలిని స్వయంగా ఎరిగిన ఆమె 1896–97 కరువులో వందలాది బాలికలను, యువ వితంతువులను పుణె దగ్గరి కేడ్గావ్‌కు చేర్చారు. అక్కడి ముక్తి మిషన్‌లో ప్రార్థనతో పాటు చదువు, నేత, తోటపని, అచ్చుపని నేర్పేవారు. చూపులేనివారికి రమాబాయి కుమార్తె మనోరమ బ్రెయిలీ నేర్పారు. తిండి, భద్రత, చేతిపని, సాటివారి తోడు ఒకేచోట అందించడం ఆ పద్ధతి ప్రత్యేకత.

ఎమీ కార్మైకేల్ (1867–1951) 1901 నుంచి తిరునల్వేలి ప్రాంతంలోని దోనావూరులో పిల్లలను చేరదీశారు. దేవాలయ సేవకు అంకితం చేయబోయిన ప్రీనా అనే ఏడేళ్ల బాలిక తప్పించుకుని వచ్చి ఆమెను ఆశ్రయించడంతో ఈ పని మొదలైంది. ప్రీనా అంతకుముందు ఒకసారి పారిపోయి దొరికిపోగా ఆమె చేతులకు వాతలు పెట్టారని కార్మైకేల్ నమోదు చేశారు. దోనావూరులో పిల్లలను పెద్ద హాలులో కాక చిన్న చిన్న ఇళ్లలో, ఒక్కో ఇంటికి ఒక అక్క బాధ్యత వహించేలా పెంచేవారు. బిడ్డ అక్కడికి చేరిన రోజును పండుగలా జరిపేవారు. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు కూడా ఈ విధంగా తమదైన రోజు ఒకటి ఉండేది.

ఈ సంస్థల గురించిన రాతల్లో అత్యధికం నిర్వాహకులవే. పిల్లల సొంత మాటలు తక్కువ. శారదా సదన్‌లో మతమార్పిడి జరుగుతోందంటూ 1890ల్లోనే తీవ్ర వివాదం రేగింది. వీటిని అంచనా వేసేటప్పుడు చరిత్రకారులు సేవను, వలసపాలన నాటి మతప్రచార సందర్భాన్ని కలిపే చూస్తారు.

*మానసిక శాస్త్రంతో కలయిక.* స్వయంగా మానసిక రుగ్మతతో ఆసుపత్రిపాలై కోలుకున్న పాస్టరు ఆంటన్ బోయిసన్ 1925లో అమెరికాలోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో వేదాంత విద్యార్థులకు రోగుల మధ్య శిక్షణ మొదలుపెట్టారు. నేటి క్లినికల్ పాస్టోరల్ శిక్షణకు అది నాంది. తల్లి నుంచి ఎడబాటు పిల్లల మీద చూపే ప్రభావంపై జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చారు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల గాయాలను వైద్యులు గుర్తించాలని సి. హెన్రీ కెంప్, ఆయన సహచరులు 1962లో ప్రచురించిన వ్యాసం వైద్య ప్రపంచాన్ని కదిలించింది. కోలుకోవడంలోని దశలను జుడిత్ హెర్మన్ 1992లో వివరించారు.

*అంతరంగ స్వస్థత ఉద్యమం.* ఆగ్నెస్ శాన్‌ఫర్డ్ 1947లో వెలువరించిన గ్రంథంతో, బాధాకర జ్ఞాపకాల స్వస్థత కోసం ప్రార్థించే పద్ధతి అమెరికాలో వ్యాపించింది. ఫ్రాన్సిస్ మెక్‌నట్ 1970ల్లో కాథలిక్కులలోనూ, డేవిడ్ సీమండ్స్ 1980ల్లో ప్రొటెస్టెంట్లలోనూ దీన్ని ప్రచారం చేశారు.

*బృంద పద్ధతులు.* ఆఫ్రికాలో యుద్ధబాధితుల మధ్య పనిచేసిన మార్గరెట్ హిల్, హారియెట్ హిల్, రిచర్డ్ బాగే, పాట్ మియర్స్‌మా కలిసి సంఘాల కోసం రూపొందించిన ట్రామా స్వస్థత పాఠాలు 2004లో పుస్తకంగా వచ్చాయి. తర్వాత అవి అనేక భాషల్లోకి వెళ్లాయి. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో కేరిన్ పర్విస్, డేవిడ్ క్రాస్ దత్తత పిల్లల కోసం నమ్మకం ఆధారమైన సంరక్షణ పద్ధతిని రూపొందించారు. దీన్ని టీబీఆర్ఐ అంటారు.

బాల్య గాయం పనిచేసే తీరు

ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం, పదే పదే భయపడిన బిడ్డలో ఎప్పుడూ అప్రమత్తంగా ఉంటుంది. కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్ల క్రమం దెబ్బతింటుంది. ఏది ఎప్పుడు జరిగిందో సరైన చోట పదిలపరిచే హిప్పోక్యాంపస్ పని కుంటుపడుతుంది. అందువల్ల పాత సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు తోస్తుంది. పిల్లల్లో పక్క తడపడం, పీడకలలు, చదువులో వెనకబడటం, ఊరికే ఉలిక్కిపడటం, మితిమీరిన కోపం కనిపించవచ్చు. అతిగా అణిగిమణిగి ఉండటం కూడా ఒక లక్షణమే. దాన్ని మంచి బుద్ధి అనుకుని పెద్దలు గమనించకపోవడం జరుగుతుంది.

అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా నిర్వహించిన అధ్యయనం 1998లో ప్రచురితమైంది. నాలుగు లేదా అంతకు మించిన రకాల బాల్య కష్టాలను చవిచూసినవారిలో మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు, అలాంటి అనుభవమే లేనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని అది తేల్చింది. బాధితుల తర్వాతి ప్రవర్తనను పాపంగానో బలహీనతగానో మాత్రమే చూడటం ఎందుకు సరికాదో ఈ ఫలితం చెబుతుంది.

విశ్వాస జీవితం మీద కూడా ప్రభావం పడుతుంది. దేవుని గురించి మనిషి మనసులో ఏర్పడే రూపానికి తల్లిదండ్రులతో అనుబంధం ముడిసరుకని ఆనా మరియా రిజ్జూటో 1979లో ప్రతిపాదించారు. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న మనిషికి పరలోకమందున్న తండ్రి అన్న సంబోధనే భయం కలిగించవచ్చు. మైకులో ఒక్కసారిగా హెచ్చే ప్రసంగీకుని గొంతు, ప్రార్థనలో అడగకుండా తల మీద పడే చెయ్యి శరీరాన్ని పాత భయంలోకి నెట్టవచ్చు.

సహాయ రూపాలు

*కాపరి పరామర్శ.* పాస్టరు, సిస్టర్ లేదా సంఘ పెద్ద వినడం, ప్రార్థించడం, తగిన వైద్యుల దగ్గరికి పంపడం.

*క్రైస్తవ కౌన్సెలింగ్.* మానసిక శాస్త్రంలో అర్హత పొందినవారు, కోరినవారికి మాత్రమే విశ్వాస అంశాలను జోడించి ఇచ్చే చికిత్స. ట్రామాకు ప్రత్యేకించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కళ్ల కదలికలను ఉపయోగించే ఈఎండీఆర్ చికిత్సలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది.

*బృంద స్వస్థత.* శిక్షణ పొందిన సహాయకుని నడిపింపుతో చిన్న బృందాలు వరుస పాఠాలుగా కలుసుకోవడం.

*కుటుంబ సంరక్షణ.* దత్తత, సంరక్షక కుటుంబం, బంధువుల ఇళ్లలో పెంపకం. పెద్ద ఆశ్రమాల కంటే కుటుంబ వాతావరణానికి ప్రాధాన్యం ఇవ్వడం నేటి ధోరణి.

స్వస్థత క్రమం

హెర్మన్ చెప్పిన మూడు దశలను చాలామంది క్రైస్తవ సహాయకులు అనుసరిస్తారు. మొదటిది భద్రత. హింస ఇంకా కొనసాగుతుంటే మరే పనికన్నా ముందు దాన్ని ఆపాలి. నిద్ర, తిండి, వైద్యం, నమ్మదగిన ఒక మనిషి ఈ దశలో ముఖ్యం. రెండోది జ్ఞాపకం, దుఃఖం. జరిగినదాన్ని తనకు వీలైనంత మేరకు, తన వేగంలో చెప్పుకోవడం, పోగొట్టుకున్న బాల్యం కోసం ఏడవడం ఇందులో భాగం. మూడోది తిరిగి కలవడం. స్నేహాలు, పని, ఆరాధన, సేవ మళ్లీ జీవితంలోకి వస్తాయి. ఈ దశలు తిన్నగా సాగవు. కొత్త బిడ్డ పుట్టడం, హాని చేసినవారి మరణం వంటి సందర్భాల్లో పాత దశ మళ్లీ ఎదురు కావచ్చు.

2004 నాటి పాఠాల్లో వినే పద్ధతిని ప్రత్యేకంగా నేర్పిస్తారు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చెబుతారు, ఒకరు వింటారు. వినేవారు మూడు విషయాలే అడగాలి: ఏం జరిగింది, అప్పుడు మనసుకు ఎలా అనిపించింది, అన్నిటికన్నా కష్టమైనది ఏది. సలహా చెప్పకూడదు, బైబిలు వాక్యం అందుకోకూడదు, తన కథ మొదలుపెట్టకూడదు. అభ్యాసం కోసం ముందు చిన్న కష్టాన్నే ఎంచుకోమంటారు. తర్వాతి పాఠంలో ప్రతివారూ తమ సొంత విలాప కీర్తన రాసుకుంటారు. దేవుణ్ని పిలవడం, గతంలో చేసిన మేలు తలచుకోవడం, ఫిర్యాదు చెప్పడం, సాయం అడగడం, నమ్మకం ప్రకటించడం వంటి భాగాలు అందులో ఉండవచ్చు. వీటిలో తప్పనిసరి ఒక్క ఫిర్యాదే. నమ్మకం ఇంకా కలగనివారిని ఆ మాట రాయమని బలవంతపెట్టరు. మరో పాఠంలో బాధను కాగితం మీద రాసి సిలువ దగ్గర పెట్టి, ఆ కాగితాలను కాల్చేస్తారు.

క్షమాపణ

క్రైస్తవ బోధలో క్షమాపణ ముఖ్యమైనది. బాల్య గాయాల విషయంలో అత్యంత దుర్వినియోగమైన బోధ కూడా ఇదే. రాబర్ట్ ఎన్‌రైట్, ఎవరెట్ వర్తింగ్టన్ క్షమాపణను దశలవారీ ప్రక్రియగా అధ్యయనం చేశారు. ఇద్దరూ క్షమించడాన్ని రాజీపడటం నుంచి వేరుచేస్తారు. పగ వదులుకోవడం ఒకరి లోపల జరగవచ్చు. బంధం తిరిగి కలవడానికి మాత్రం హాని చేసినవారి ఒప్పుకోలు, మార్పు, భద్రత కావాలి. క్షమించినంత మాత్రాన నేరం మాఫీ కాదు, ఫిర్యాదు ఆగదు. కోపాన్ని గుర్తించక ముందే క్షమించమని తొందరపెడితే బిడ్డ తనదే తప్పు అనుకునే ప్రమాదం ఉంది.

పరిశోధనల ఫలితాలు

మతాన్ని ఆసరాగా చేసుకునే తీరు రెండు విధాలని కెన్నెత్ పార్గమెంట్ చూపించారు. దేవుడు తోడున్నాడన్న నమ్మకం, సంఘం అండ మేలు చేసే తీరు. ఇది దేవుని శిక్ష, దేవుడు నన్ను వదిలేశాడు అన్న భావన హాని చేసే తీరు. మొదటిది మెరుగైన మానసిక ఆరోగ్యంతో, రెండోది ఎక్కువ కుంగుబాటుతో ముడిపడి ఉన్నాయి. డొనాల్డ్ వాకర్, ఆయన సహచరులు 2009లో 34 అధ్యయనాలను సమీక్షించారు. బాల్య హింస తర్వాత విశ్వాసం తగ్గినట్టు 14 అధ్యయనాలు, కొంత తగ్గి కొంత పెరిగినట్టు 12 అధ్యయనాలు చెప్పాయి. లక్షణాల తీవ్రతను విశ్వాసం తగ్గించగలదన్న తొలి సూచనలు కూడా కొన్నిటిలో ఉన్నాయి. కాబట్టి విశ్వాసం ఉంటే గాయం దానంతట అదే మానుతుందని గానీ, విశ్వాసానికి పాత్రే లేదని గానీ చెప్పడానికి ఆధారం లేదు.

విమర్శలు, ప్రమాదాలు

*సంఘం లోపలి హింస.* ఐర్లండ్‌లో 2009 ర్యాన్ నివేదిక, ఆస్ట్రేలియాలో 2017 రాయల్ కమిషన్ నివేదిక, ఫ్రాన్స్‌లో 2021 స్వతంత్ర కమిషన్ నివేదిక క్రైస్తవ సంస్థల్లో పిల్లలపై జరిగిన హింసను, దాన్ని కప్పిపుచ్చిన తీరును బయటపెట్టాయి. కెనడా ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ పాఠశాలల్లో జరిగిన హానిని 2015లో సత్య, సయోధ్య కమిషన్ నమోదు చేసింది. దేవుని పేరుతో హాని జరిగిన చోట, ఆరాధన కూడా గాయంలో భాగమవుతుంది.

*దయ్యం పట్టిందనే తీర్పు.* లండన్‌లో 2000లో హింసకు గురై మరణించిన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబియేకు దయ్యం పట్టిందని ఆమెను తీసుకెళ్లిన చర్చిల్లో భావించిన సంగతి విచారణలో వెలుగుచూసింది. బిడ్డ లక్షణాలను ఆత్మల పనిగా తీర్మానిస్తే అసలు హింస మరుగున పడుతుంది.

*ప్రేరేపిత జ్ఞాపకాలు.* ఊహాచిత్రాలతో, సూచనలతో ప్రార్థించేటప్పుడు జరగని సంఘటన జరిగినట్టు తోచవచ్చని ఎలిజబెత్ లోఫ్టస్ వంటి శాస్త్రవేత్తల జ్ఞాపకశక్తి పరిశోధనలు హెచ్చరిస్తాయి.

*మందులు మానడం, సాక్ష్యం ఒత్తిడి.* స్వస్థత పొందామని ప్రకటించి మందులు ఆపేయడం ప్రమాదకరం. బాధితులను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించడం వారి గోప్యతకు, కోలుకునే క్రమానికి విఘాతం.

భారతదేశంలో చట్టం, రక్షణ

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో జరిగింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్టు చెప్పారు. హాని చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు లేదా వారి బాధ్యత చూసేవారు.

లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. మతబోధకులకు అందులో మినహాయింపు లేదు. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. బిడ్డ ఇంటి దగ్గర లేదా బిడ్డ కోరుకున్న చోట, యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు మహిళా అధికారి వాంగ్మూలం తీసుకోవాలని 24వ సెక్షన్ చెబుతుంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బాలల సంరక్షణ గృహాలన్నీ నమోదై ఉండాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు అందుబాటులో ఉన్నాయి. తెలంగాణ పోలీసులు 2016లో హైదరాబాద్‌లో ప్రారంభించిన భరోసా కేంద్రంలో బాధితులకు వైద్య, న్యాయ, కౌన్సెలింగ్ సేవలు ఒకేచోట అందుతాయి.

తెలుగు సంఘాల సందర్భం

తెలుగు సంఘాల్లో పిల్లలతో నేరుగా సంబంధం ఉన్న వేదికలు అనేకం: సండే స్కూల్, వేసవి సెలవుల బైబిలు పాఠశాల (వీబీఎస్), మిషన్ బోర్డింగ్ హాస్టళ్లు, యువజన కూడికలు. స్త్రీల సమాజాలు, గృహ కూడికలు, ఉపవాస ప్రార్థనలు పెద్దలు తమ కష్టం చెప్పుకునే చోట్లు. బయట ఎవరికీ చెప్పని మాట ప్రార్థన మనవిగా ఇక్కడ మొదటిసారి బయటికి రావడం సహజం. అందువల్ల వినేవారి శిక్షణ, చెప్పినదాన్ని మనవుల జాబితాలో పెట్టి నలుగురిలో చదవకపోవడం, బిడ్డతో ఒక్క పెద్ద మాత్రమే ఏకాంతంగా ఉండకుండా చూడటం, వాలంటీర్ల పూర్వాపరాలు విచారించడం రక్షణ విధానంలో ప్రాథమిక నియమాలు. పరువు పోతుందని, సంఘానికి చెడ్డపేరని, పెళ్లి సంబంధాలు దెబ్బతింటాయని విషయాన్ని పెద్దల మధ్య సర్దుబాటు చేయడం చట్టవిరుద్ధం. అంతకన్నా ముఖ్యంగా అది బిడ్డను మళ్లీ ఒంటరిని చేస్తుంది.

ప్రాముఖ్యం

మానసిక వైద్యులు తక్కువగా ఉన్న పల్లెల్లో, బస్తీల్లో మనిషి కష్టం మొదట చేరేది తరచుగా కాపరి దగ్గరికే. ఆ కాపరి నమ్మి వినడం, తప్పు బిడ్డది కాదని స్పష్టంగా చెప్పడం, పోలీసుకు, డాక్టరుకు చేరవేయడం, ఆ తర్వాత కూడా ఏళ్ల పాటు తోడుండటం అనే నాలుగు పనులు చేస్తే విశ్వాసం చికిత్సకు బలమవుతుంది. వీటిలో ఏది లోపించినా ప్రార్థన ఒక్కటే ఆ లోటు పూడ్చినట్టు పరిశోధనలు చూపలేదు. క్రైస్తవ ఆదరణకు విలువ కట్టాల్సింది జరిగిన స్వస్థత కూటముల సంఖ్యతో కాదు, సంఘంలో పిల్లలకు ఉన్న భద్రతతో.

ఇవి కూడా చూడండి: బాలల హక్కులు, పీటీఎస్‌డీ, పండిత రమాబాయి, పాస్టోరల్ కౌన్సెలింగ్, పోక్సో చట్టం, విలాప కీర్తనలు.